సానుభూతిలో ఐదో మెట్టు

శీతల గిడ్డంగుల మండలి వారికి ఆ ఏడాది సానుభూతి మీద గురి కుదిరింది. అంతకు ముందు ఏడాది పూలకుండీల మీద కుదిరింది. దాని ముందు ఏడాది, ఉద్యోగులందరూ పొద్దున్నే వరసగా నిలబడి కాసేపు నవ్వాలన్న దాని మీద. పూలకుండీలు ఎండిపోయాయి. నవ్వు దానంతటదే ఆగిపోయింది. సానుభూతికి మాత్రం యంత్రం తోడొచ్చింది కనుక అది నిలదొక్కుకుంది.

సంగతి ఎలా మొదలైందంటే, మండలి వారు తమ గిడ్డంగులన్నిటికీ బెల్టులు కొన్నారు. లారీ దగ్గర మిర్చి టిక్కీని ఈ చివర పడేస్తే పై అంతస్తులో ఆ చివర దింపుతుంది. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కి కుట్టిన గోతం. ఇంతకాలం దాన్ని హమాలీలు వీపున వేసుకుని మెట్లెక్కేవాళ్ళు. బెల్టు వస్తే హమాలీలు బాధపడతారని, బాధపడుతున్న మనిషి బెల్టు పక్కన నిలబడటం బెల్టుకి క్షేమం కాదని, ఒక కమిటీ రాసిచ్చింది. కాబట్టి బాధను అదుపులో పెట్టాలి. ఎవరు పెట్టాలి? మేనేజర్లు. వాళ్ళకి రాదు కాబట్టి నేర్పాలి. అలా పుట్టింది 'మారుతున్న శ్రామికశక్తి, నూతన సాంకేతికత, నాయకత్వ సానుభూతి' అనే శిక్షణ.

మార్కెట్ రోడ్డు గిడ్డంగి మేనేజరు పానకాలరావుకి ఆ సర్క్యులర్ అందినప్పుడు ఆయన కాటా దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన మాటల్ని మందులా వాడే మనిషి. పూటకొకటి, అదీ అవసరమైతే. భార్య పోయాక ఆ మోతాదు ఇంకా తగ్గింది. పిల్లలు లేరు. ఇంట్లో మాట్లాడే అవసరం రాదు. గిడ్డంగిలో మాట్లాడటానికి సాంబయ్య ఉన్నాడు. సాంబయ్య హమాలీల ముఠాకి మేస్త్రి. ఆయన ఎంత ఎక్కువ మాట్లాడితే పానకాలరావుకి అంత తక్కువ పని.

"ఏంది సార్ అది?" అన్నాడు సాంబయ్య.

పానకాలరావు కాగితం ఇచ్చాడు. సాంబయ్య గొంతు సవరించుకుని ముఠా అంతటికీ వినపడేట్టు చదివాడు. పదకొండో నిబంధన దగ్గర ఆయన గొంతు నెమ్మదించింది.

"మనుషులను నిర్వహించు అర్హత లేని అధికారి వద్ద మనుషులను ఉంచుట అమానుషము. కావున శిక్షణలో అనుత్తీర్ణుడైన అధికారి యొక్క గిడ్డంగి నందలి హమాలీలను మానవతా దృక్పథముతో తొలగించి, తత్‌స్థానమున రెండవ బెల్టు అమర్చబడును."

ముఠాలో చిన్నవాడు బాజీ ముందుగా తేరుకున్నాడు.

"అంటే సార్ పరీక్ష తప్పితే మేం ఇంటికి పోవాలా?"

"అంతే" అన్నాడు పానకాలరావు. ఆ పూటకి మోతాదు అయిపోయింది.

"పరీక్ష దేంట్లో?"

"మాట్లాడటంలోరా" అన్నాడు సాంబయ్య. ముఠా మొత్తం పానకాలరావు వైపు చూసింది. ఈత రానివాణ్ణి పడవ నడపమన్నప్పుడు పడవలో కూర్చున్నవాళ్ళు చూసే చూపు అది.

*

శిక్షణ సంస్థ సంచాలకులు విరించి గారు. ఆయన 'నేను' అనరు, 'సంస్థ' అంటారు. మొదటి రోజు వేదిక ఎక్కి, సంస్థకి గొంతు బాగాలేదని చెప్పి గోరువెచ్చని నీళ్ళు తెప్పించుకున్నారు.

"మిత్రులారా! శ్రామికశక్తి మారుచున్నది. సాంకేతికత మారుచున్నది. వీటి మధ్య మనిషి మనసు అనే పాత వస్తువు ఒకటి మిగిలిపోయినది. దానిని కూడా కొలవగలిగిననాడే మనం దానిని నిర్వహించగలం. ఇదిగో, హృదయమిత్ర."

హృదయమిత్ర అగ్గిపెట్టెంత ఉంది. చొక్కా జేబుకి తగిలించుకుంటే మాటలన్నీ వింటుంది. సానుభూతి సరిగ్గా పలుకుతుంటే పచ్చగా, తప్పితే ఎర్రగా వెలుగుతుంది. ఏడు సెకన్లకి మించిన మౌనాన్ని అది 'అస్పందన' కింద రాసుకుంటుంది.

ఆ యంత్రానికి తెలిసిన సానుభూతి ఐదు మెట్లు. ముందు ఎదుటివాడు బాధలో ఉన్నట్టు గుర్తించామని వాడితో చెప్పాలి. తర్వాత వాడు చెప్పినదాన్నే తిరిగి వాడికి చెప్పాలి. మూడో మెట్టులో మన కష్టమొకటి తీసి వాడి కష్టం పక్కన పెట్టాలి. అక్కణ్ణుంచి ఇదంతా వాడికి ఒక అవకాశమని తేల్చాలి. ఇక ఐదోది పునరాగమన హామీ. సెలవు తీసుకుంటూ "త్వరలో మళ్ళీ వస్తాను" అనాలి. ఐదో మెట్టుకే సగం మార్కులు. అది లేకుండా మిగతావన్నీ ఎక్కినా దిగినట్టే లెక్క.

సాధన కోసం తిరుపతిస్వామి అనే పద్యనాటకాల నటుణ్ణి రప్పించారు. రాజ్యాలు పోగొట్టుకున్న రాజుల పాత్రల్లో ఆయనకి మంచి పేరు. "మీరు ఒక హమాలీ. మీ తల్లి మరణించినది" అన్నారు విరించి గారు.

"తల్లా? చిత్తం. ఏ రాగంలో ఏడవమంటారు?"

ముందుగా రైల్వేగేటు గిడ్డంగి మేనేజరు గరటయ్య లేచాడు. ఎన్నికలప్పుడు మైకు దొరికితే వదలని రకం. "తిరుపతిస్వామీ! మీరు బాధలో ఉన్నట్టు గుర్తించాను. మీ అమ్మ పోయిందంటున్నారు, అంటే మీ అమ్మ పోయిందన్నమాట. మొన్న మా స్కూటరు పోయినప్పుడు నాకూ అచ్చం ఇలాగే అనిపించింది. ఏం ఫర్వాలేదు, ఇకనుంచి మీకు సాయంత్రాలు ఖాళీ, ఏదన్నా కొత్త పని నేర్చుకోండి. త్వరలో మళ్ళీ వస్తాను!" అన్నాడు. యంత్రం పచ్చగా పండు మిరపచేలో చిలకలా వెలిగింది. తొంభై ఎనిమిది మార్కులు. సంస్థ చప్పట్లు కొట్టింది.

పానకాలరావు వంతు వచ్చింది. ఆయన వెళ్ళి తిరుపతిస్వామి పక్కన కూర్చున్నాడు. తిరుపతిస్వామి రెండు కన్నీళ్ళు కార్చి, ఎదురు మాట కోసం ఆగాడు. మాట రాలేదు. పానకాలరావు మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపాడు. అంతే. జేబులో ఎర్రదీపం కొట్టుకుంటోంది. తిరుపతిస్వామి అటూ ఇటూ కదిలాడు. మళ్ళీ రాగం ఎత్తబోయి ఆపేశాడు.

"ఏదో ఒకటి అనండి సార్" అన్నాడు గొంతు తగ్గించి. "ఇట్టా ఊరుకుంటే నాకు నిజంగా వచ్చేట్టుంది."

పానకాలరావు అనలేదు. తిరుపతిస్వామికి నిజంగానే వచ్చింది. "మా అమ్మ పోయిన కబురు తెచ్చినప్పుడు నేను స్టేజీ మీద ఉన్నానండీ. పద్యం మధ్యలో ఉన్నాను. జనం ఒన్స్‌మోర్ అన్నారు. మళ్ళీ పాడాను" అంటూ కండువాలో ముఖం దాచుకున్నాడు. ఆ ఏడుపుకి రాగం లేదు.

యంత్రం ఫలితం ప్రకటించింది. అధికారి: అస్పందన, సున్న. శ్రామికుడు: పాఠ్యప్రణాళిక దాటి ప్రవర్తించాడు.

"పానకాలరావు గారూ" అన్నారు విరించి గారు, "సంస్థ మిమ్మల్ని నిందించదు. మీలో సానుభూతి నిద్రావస్థలో ఉన్నది. ప్రాక్టికల్స్‌లో మేల్కొల్పుదాం." తిరుపతిస్వామిని మాత్రం, నటించమన్న చోట ఏడవకూడదని గట్టిగా హెచ్చరించారు.

*

ప్రాక్టికల్స్‌కి నిజమైన దుఃఖం కావాలి. ప్రతి మేనేజరూ తన గిడ్డంగి హమాలీలలో కష్టం వచ్చినవాణ్ణి వెదికి, ఇంటికి వెళ్ళి, యంత్రం వినేట్టు ఓదార్చి రావాలి. సంస్థ దుఃఖాలని శ్రేణులుగా విభజించింది. తల్లి, తండ్రి, భార్య, భర్త, బిడ్డ ప్రథమ శ్రేణి. అత్తమామలు ద్వితీయం. గేదెలు, మేకలు తృతీయం. మేనమామ ఏ శ్రేణిలోకి వస్తాడన్నదాని మీద ఉపసంఘం వేశారు. అది ఇంకా కూర్చునే ఉంది.

మేనేజర్లు దుఃఖం కోసం ఊళ్ళ మీద పడ్డారు. పెద్దాసుపత్రి గేటు దగ్గర ఇద్దరు మేనేజర్లు ఒకే హమాలీ కోసం తోపులాడుకున్నారు. ఒకాయన గిడ్డంగిలో ఎవరికీ ఏ కష్టమూ రాకపోతే, సిబ్బంది సహకరించడం లేదని పైకి రిపోర్టు పెట్టాడు. హమాలీలు కష్టాలు దాచుకోవడం మొదలుపెట్టారు. ఒకడు తండ్రి దినానికి వెళుతూ పెళ్ళికని చెప్పి సెలవు పెట్టాడు. నిజం తేలాక దుఃఖాన్ని దుర్వినియోగం చేశాడని మెమో ఇచ్చారు.

గరటయ్యకి వెంటనే ప్రథమ శ్రేణి దొరికింది. ఆయన హమాలీ ఒకతని తల్లి పోయింది. గరటయ్య కారులో వెళ్ళి, శవం ఇంకా లేవకముందే నాలుగు మెట్లూ గడగడా ఎక్కేసి, చివర చెయ్యెత్తి "త్వరలో మళ్ళీ వస్తాను" అన్నాడు.

మన వైపు చావింటికి వెళ్ళినవాడు వస్తానని చెప్పడు. లేచి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ వస్తానంటే ఆ ఇంట్లో మళ్ళీ చావు రావాలని కోరినట్టు. మాటలు వచ్చిన పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. ఆ ఇంటి ఆడవాళ్ళు చీపుళ్ళు తీశారు. గరటయ్య ఒక చెప్పు అక్కడే వదిలి కారెక్కాడు. యంత్రం మాత్రం నూటికి నూరు వేసింది. చీపురు శబ్దాన్ని కరతాళధ్వనుల కింద రాసుకుంది.

పానకాలరావు జీవితంలో మొదటిసారిగా ఒక అభ్యంతరం లేవనెత్తాడు. విరించి గారి గదికి వెళ్ళి నిలబడి, "ఐదో మెట్టు మన దగ్గర పనికిరాదండి" అని, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పాడు.

విరించి గారు కళ్ళు మూసుకుని విన్నారు. "ఈ పాఠ్యక్రమం ఎన్నో దేశాల్లో నెగ్గి వచ్చినది పానకాలరావు గారూ. అక్కడెవరూ చీపురు తీయలేదు. అయినను స్థానిక సంప్రదాయములను సంస్థ అవమానించదు. మీ అభ్యంతరాన్ని కమిటీకి నివేదిస్తాం."

కమిటీ మూడు సిట్టింగుల్లో ఆ అభ్యంతరాన్ని క్షుణ్ణంగా పరిశీలించింది. 'త్వరలో మళ్ళీ వస్తాను' అన్న మాట ఒక్క రాకకే పరిమితమైనందువల్ల స్థానికులు నొచ్చుకుంటున్నారని గ్రహించింది. సవరణ వెలువడింది. ఇకమీదట అధికారులు "తరచుగా వస్తూ ఉంటాను" అనవలెను.

*

మధ్యాహ్నం అన్నాల వేళ కాటా దగ్గర ముఠా అంతా కలిసి మేనేజరుకి మాటలు నేర్పడానికి కూర్చుంది. ఇలా ఎక్కడా జరిగి ఉండదు, కానీ ఉద్యోగం ఎవరిదో వాళ్ళకే పట్టింపు ఉంటుంది.

"సార్, మా అత్త చచ్చిపోయిందనుకోండి" అన్నాడు బాజీ.

"పొద్దున క్యారేజీ తెచ్చిచ్చింది ఆమేగా" అన్నాడు పానకాలరావు.

"అనుకోమన్నా సార్. ఆమె బతికున్నందుకే నా ముఖంలో బాధ ఉంది చూడండి. అది వాడుకోండి."

ముఠా నవ్వింది. పానకాలరావు గొంతు సవరించుకున్నాడు. "బాజీ, మీ అత్త..." అని ఆగాడు. అందరూ మెడలు ముందుకు చాచారు. "పాపం" అన్నాడు.

"పాపం అంటే ఎన్ని మార్కులు సార్?" అడిగాడు సాంబయ్య.

"లేవు."

"అదేంది! మనూళ్ళో సగంమంది ఆ ఒక్క మాటతోనే జీవితమంతా నెట్టుకొస్తన్నారే!" సాంబయ్య తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "సార్, ఇట్టా కాదు. టిక్కీ ఎత్తేటప్పుడు బరువు గురించి ఆలోచించకూడదు. నడుం వంచి, ఊపిరి బిగబట్టి, ఎత్తేయడమే. మాట కూడా అంతే. 'గుర్తించాను'... అనండి."

"గుర్తించాను."

"ఆఁ! లేచింది! 'తరచుగా వస్తూ ఉంటాను'... అనండి."

పానకాలరావు నోరు తెరిచి మూశాడు. టిక్కీ లేవలేదు.

"ఇక్కడ ఎవరూ పోలేదు సార్. ఇది గోడౌను. ఇక్కడంటే తప్పు లేదు" అన్నాడు అంకయ్య. ముఠాలో ఆయనే పెద్ద. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ నర్సింగు చదువుతున్నారు. ఆయన నవ్వులాటలో కలవలేదు. "మాకు ఈ పనే వచ్చు సార్. ఇంకో చోట ఈ వయసులో వీపు మీద గోతం పెట్టే నాథుడు లేడు. మీరు ఎట్టాగో ఆ నాలుగు మాటలూ అనేయండి."

"అంటాను" అన్నాడు పానకాలరావు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. ఇవ్వడమే అరుదు.

*

ఆ వారంలోనే సాంబయ్య భార్య వెంకాయమ్మ పోయింది. కల్లంలో మిరపకాయలకి తొడిమలు తీస్తూ, పక్కామెతో ఏదో చెబుతూ, మాట మధ్యలో ఒరిగిపోయింది.

పానకాలరావు చొక్కా వేసుకుంటుండగా విరించి గారి ఫోను వచ్చింది. కబురు అప్పటికే పై ఆఫీసుకి చేరింది.

"పానకాలరావు గారూ! శుభవార్త అని సంస్థ అనదు, సందర్భం అటువంటిది కాదు. కానీ అవకాశం అని అనక తప్పదు. భార్య! ప్రథమ శ్రేణి! అందునా మేస్త్రి స్థాయి! పరీక్షలు ముగియడానికి ముందు సంస్థకి ఇంతకంటే కావలసింది లేదు. యంత్రం చార్జింగు చూసుకోండి."

ఆయన యంత్రం జేబుకి తగిలించుకుని బయల్దేరాడు. దారి పొడవునా ఐదు మెట్లూ మనసులో ఎక్కుతూ, దిగుతూ వెళ్ళాడు. సాంబయ్య ఇంటి ముందు షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీల్లో జనం. గుంజ దగ్గర ముఠా నిలబడి ఉంది. అంకయ్య, బాజీ, అందరూ. అందరి చూపూ పానకాలరావు ముఖం మీద కాదు, జేబు మీద ఉంది. అది వాళ్ళ తప్పు కాదు.

పానకాలరావు కుర్చీ వద్దని, చాప మీద సాంబయ్య పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ ఆగకుండా మాట్లాడే సాంబయ్య గోడకి ఆనుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఉన్నాడు. లోపల వెంకాయమ్మ తల దగ్గర దీపం. ఎవరో అగరొత్తులు మార్చారు.

జేబులో ఎర్రదీపం మొదలైంది.

కాసేపటికి సాంబయ్యే అన్నాడు. "ఎర్రగా ఎలుగుతోంది సార్."

"కానీలే."

ఆ ఒక్క మాటకి దీపం ఒకసారి ఆగి, పనికొచ్చే మాట కాదని తేల్చుకుని, మళ్ళీ ఎర్రబడింది. జనం వచ్చి కూర్చుంటున్నారు, లేచి వెళుతున్నారు. ఎవరూ వస్తానని చెప్పడం లేదు.

"మావాళ్ళు ఇటే చూస్తన్నారు" అన్నాడు సాంబయ్య. గొంతు చాలా తక్కువలో ఉంది. "అనేయండి సార్. నేను బాధలో ఉన్నట్టు గుర్తించానని అనండి. తప్పేముంది, నిజమేగా?"

పానకాలరావు ఊపిరి బిగబట్టాడు. వెంకాయమ్మ ఎప్పుడు గిడ్డంగికొచ్చినా కాటా దగ్గరే నిలబడి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేది. సాంబయ్యకి సిగ్గు, ముఠాకి నవ్వు. ఆమె సంగతి ఏదన్నా చెబుదామనుకున్నాడు. అది ఏ మెట్టు మీదా లేదు. ఊపిరి వదిలేశాడు.

"ఆ కడపటి మాట ఒక్కటన్నా అనండి. సగం మార్కులన్నారుగా. నాకేం పట్టింపు లేదు." సాంబయ్య లోపలికి చూశాడు. "పోవాల్సిన మనిషి పోయింది. ఈ ఇంట్లో ఇంకెవరున్నారని?"

పానకాలరావు అప్పుడు తల తిప్పి ఆయన వైపు చూశాడు. ఆ ఇంట్లో ఇంక ఉన్నది సాంబయ్య ఒక్కడే. ఆ ఇంటికి తరచుగా వస్తూ ఉంటానంటే, ఎవరి కోసమో ప్రత్యేకం చెప్పనక్కర్లేదు.

గుంజ దగ్గర ఇరవై కుటుంబాల బువ్వ నిలబడి చూస్తోంది. చాప మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పానకాలరావు ఆ మనిషి పక్కన కూర్చున్నాడు. పాడె లేచేదాకా కూర్చున్నాడు. లేచాక ఒక కొమ్ము తనూ పట్టాడు. అన్నీ అయ్యాక ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

*

"ఏమన్నారు సార్?" అన్నాడు బాజీ మర్నాడు. తెలిసే అడిగాడు.

"ఏమీ అనలేదు."

"ముందే చెప్పాల్సింది. గుంజ దగ్గర్నుంచి మేమే అరిచేవాళ్ళం మీ బదులు."

"నోర్మూసుకో" అన్నాడు అంకయ్య. "ఎట్టా అంటాడ్రా? ఎవరింట్లో అనమంటావ్?" అని, ఇంకేదో అనబోయి, కొక్కెం తీసుకుని లారీ ఎక్కాడు. ఆ రోజు ఆయన టిక్కీలు ఎత్తిన తీరుకి బస్తాల కుట్లు తెగాయి.

రెండో బెల్టుకి కొలతలు తీసుకోవడానికి ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. హమాలీలు అన్నాలు తినే వసారా కరెక్టుగా సరిపోతుందన్నారు. సుద్దముక్కతో గీత గీశారు. ముఠా ఆ గీతకి ఇవతల కూర్చుని తిన్నది.

అప్పుడు ఉత్తర్వు వచ్చింది. పానకాలరావు దాన్ని మనసులో ఒకసారి, పైకి ఒకసారి చదివాడు.

"మార్కెట్ రోడ్డు గిడ్డంగి మేనేజరు సమర్పించిన ధ్వనిముద్రణ నందు ఒక మధ్యాహ్నము పొడవునా 'కానీలే' అను ఒక్క పదము తప్ప అధికారి స్వరము వినబడుట లేదు. మేనేజరు హోదా గల అధికారి ఒకరు అంతసేపు నోరు మెదపకుండుట సాధ్యము కాదని నిపుణుల సంఘము ఏకగ్రీవముగా అభిప్రాయపడినది. కావున లోపము యంత్రమునందే కలదని నిర్ధారించడమైనది. యంత్రలోపమునకు అభ్యర్థిని శిక్షించుట న్యాయము కాదు గనుక, బృందము యొక్క సగటు మార్కులు ఆయనకు కేటాయించి ఉత్తీర్ణునిగా ప్రకటించడమైనది."

బాజీ ఈల వేశాడు. అంకయ్య వెళ్ళి, చెప్పు కాలితో సుద్దగీతని మెల్లగా, జాగ్రత్తగా, చివరిదాకా చెరిపాడు.

పానకాలరావు అబద్ధం మీద బతికే మనిషి కాదు. ముఠా వద్దు వద్దంటున్నా వినకుండా విరించి గారికి ఫోను చేశాడు. "యంత్రం బాగానే ఉందండి. నేనే మాట్లాడలేదు."

"మీ వినయం ప్రశంసనీయం" అన్నారు విరించి గారు. "కానీ నిపుణుల సంఘం నిర్ణయాన్ని ప్రశ్నించడం మీ స్థాయికి తగదు. మీరు మాట్లాడారు. ఏం మాట్లాడారో యంత్రం వినలేదు, అంతే. అద్భుతంగానే మాట్లాడి ఉంటారు."

రెండో బెల్టు గరటయ్య గిడ్డంగికి వెళ్ళింది. నూటికి నూరొచ్చిన మేనేజరే కానీ, ఆయన తరచుగా వస్తూ ఉంటానని ఇల్లిల్లూ తిరిగి చెప్పేసరికి హమాలీలు ఒక్కొక్కరే పని మానుకుని పక్క ఊరు పోయారు. సానుభూతి సంపూర్ణమైన తొలి గిడ్డంగి అని దానికి జ్ఞాపిక ఇచ్చారు.

సాంబయ్య కర్మలయ్యాక పనిలోకి వచ్చాడు. మునుపటంత మాట్లాడటం లేదు. కాటా దగ్గర ఇప్పుడు ఇద్దరు తక్కువ మాట్లాడేవాళ్ళు అయ్యారు.

ఇక అయిపోయిందనుకుంటుండగా ఇంకో సర్క్యులర్ దిగింది. యంత్రలోపాలు పునరావృతం కాకుండా ముందుజాగ్రత్త. "ఇకమీదట ప్రథమ శ్రేణి దుఃఖము సంభవించుటకు కనీసము ఒక దినము ముందుగా, సంబంధిత గృహమునందు హృదయమిత్రను అమర్చి శబ్దపరీక్ష జరుపవలెను. ఇందునిమిత్తము ప్రతి మేనేజరూ తన పరిధిలోని ఒక గృహమును ఎంపిక చేసి, మరణించబోవు వారి పేరు, ఓదార్పు పొందవలసిన వారి పేరు సాయంత్రములోగా ఫోను ద్వారా పంపవలెను."

ఎవరి ఇల్లు రాయాలి? పానకాలరావు ఫోను ముందు పెట్టుకుని కాటా పక్కన చాలాసేపు కూర్చున్నాడు. అంకయ్య లారీ మీద ఉన్నాడు. బాజీ అత్త క్యారేజీ తెచ్చి, అల్లుణ్ణి నాలుగు తిట్టి వెళ్ళింది. ఆయన అందర్నీ ఒకసారి చూసి, తన ఇంటి డోర్ నంబరు కొట్టాడు. మరణించబోవు వారి పేరు: పానకాలరావు. ఇంతవరకూ పేచీ లేదు. రెండో పేరు దగ్గర వేలు ఆగిపోయింది. అది ఖాళీగా వదిలేస్తే ఫోను ఒప్పుకోవడం లేదు. మళ్ళీ మళ్ళీ అడుగుతోంది.

సాంబయ్య వెనక నుంచి వచ్చి భుజం మీదుగా చూశాడు. మొత్తం చదివాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"దీనికింత ఆలోచనేంది సార్? నా పేరు కొట్టండి."

పానకాలరావు తలెత్తాడు.

"వచ్చి కూచుంటా" అన్నాడు సాంబయ్య. "మాట్లాడమంటే మాత్రం నా వల్ల కాదు."